చెయ్యి అందుకునేదాకా

ముందు పోయినవాటి లెక్క చెబుతాను.

నడుములో రెండు పూసల మధ్య ఉండాల్సిన మెత్తదనం పోయింది. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించాడు, అక్కడ ఎముకకు ఎముక ఆనుకుని ఉంది. కుడి భుజం చెవిదాకా లేవదు, జడ వేసుకోవాలంటే తల వంచి ఎడమచేత్తో తంటాలు పడాలి. ఫినాయిలుకూ స్పిరిటుకూ అలవాటుపడి ముక్కు మొద్దుబారింది. ఇంట్లో పాలు మాడితే పక్కింటివాళ్ళు కేకేసి చెబుతున్నారు. పందొమ్మిదేళ్ళ పనిలో బతుకమ్మ ఆడింది మూడుసార్లు, కాబట్టి పదహారు పోయాయి. కొడుకు పదో తరగతి చదివిన ఏడాది వాడికి నేను అన్నం పెట్టిన పూటలు రెండు చేతుల వేళ్ళకు మించవు. పడుకుంటే తెల్లారేదాకా లేవని నిద్ర ఎప్పుడో పోయింది. పని మానేసి రెండేళ్ళయినా రెండు గంటలకోసారి మెలకువ వస్తుంది, పక్కకు తిప్పాల్సిన మనిషి ఎవరూ లేకపోయినా.

చివరగా, మా అవ్వను, నన్ను కన్నతల్లిని, చూసి రావడానికి నేను అడిగిన ఒక రోజు. పైవాటి పక్కన పెడితే చిన్న అంకె. ఈ రాసేదంతా దాని గురించే.

నేను నిజామాబాద్‌లో మంచాన పడ్డ మనుషులకు చాకిరీ చేశాను. మొదట ఆస్పత్రిలో ఆయాగా, తర్వాత ఏజెన్సీ పంపితే ఇళ్ళల్లోనే ఉండి. మా వాడకట్టులో ఇద్దరు ఆడపిల్లలు ఈ పని నేర్పే కోర్సులో ఈ మధ్యే చేరారు. వాళ్ళ పుస్తకం తిరగేశాను. బీపీ చూడటం, పైపు మార్చడం, మనిషిని లేపకుండా దుప్పటి మార్చడం, అన్నీ బొమ్మలతో ఉన్నాయి. మంచం మీద ఉన్నవాళ్ళకు ఏమేమి అవుతుందో ఉంది. మంచం పక్కన నిలబడినవాళ్ళకు ఏమవుతుందో ఒక్క పేజీ కూడా లేదు. ఆ పేజీ రాద్దామని కూర్చున్నాను.

*బీడీల లెక్క*

నేను చదివింది ఏడో తరగతి. లెక్క మాత్రం మా అవ్వ దగ్గర నేర్చుకున్నాను. అవ్వ మా ఊరు మోస్రాలో బీడీలు చుట్టేది. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట, నలభై కట్టలు వెయ్యి. తీసుకుపోయి కార్ఖానాలో అప్పజెప్పితే అక్కడి మనిషి కొన్నింటిని వేళ్ళతో నలిపి చూసి, బాగాలేవని ఏరి పక్కన పడేసేవాడు. వాటికి కూలి కట్టడు, తిరిగీ ఇవ్వడు. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే అవ్వ చెప్పేది: "నిన్న వాని పెండ్లాం పుట్టింటికి పోయింది బిడ్డా. ఇయ్యాల రెండు కట్టలు పోతయి." నేను పక్కన నిలబడి లెక్కపెట్టేదాన్ని. ఆమె చెప్పింది అటూ ఇటుగా అంతే అయ్యేది.

అట్లా నాకు ఏది చూసినా మూడు సంగతులు లెక్కపెట్టడం అలవాటైంది. ఎన్ని ఉన్నాయి, ఎన్ని పోయాయి, ఎవరు తీశారు. మూడోదాన్ని అందరూ మరిచిపోతారు. నేనూ ఒకసారి మరిచిపోయాను.

*ఆపా పెట్టిన నియమం*

నేను మొదట చేరింది నిజామాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో. ఆయాలందరికీ పెద్ద సుల్తానా ఆపా, అంటే సుల్తానా అక్క. పొట్టి మనిషి, గొంతు మాత్రం మూడో అంతస్తుదాకా వినబడేది. మొదటి రోజు డ్యూటీ అయిపోయిందని చీర సర్దుకుని మెట్లు దిగుతుంటే పైనుంచి కేక పడింది.

"ఏయ్ మోస్రా! యాడికి?"

"టైమయింది గద ఆపా. పోతున్న."

"పేషెంటును ఎవలకు అప్పజెప్పినవ్? గడియారానికా? గడియారం గుడ్డలు మారుస్తదా?"

వెనక్కి పోయాను. ఆపా మంచం మీదున్న ముసలామె మణికట్టు తీసి నా చేతిలో పెట్టింది. తర్వాతి ఆయా వచ్చేదాకా అట్లాగే పట్టుకుని నిలబడమంది. ఆమె వచ్చాక ఆ చెయ్యిని ఆమె చేతిలో పెట్టించింది. ముసలామె ఏం తిన్నది, ఎంత తాగింది, మూత్రం ఎట్లా పోయింది, వీపున ఎక్కడ ఎర్రబడింది, అన్నీ నా నోటితో చెప్పించింది.

"గిట్ల. ఆమె చెయ్యి అందుకునేదాక నీ చెయ్యి ఇడువద్దు. ఇడిస్తే నడుమ మనిషి పడుతది. సమజైందా?"

ఆ ఆస్పత్రిలో ఆయాలందరి పద్ధతీ అదే. డ్యూటీ దిగేవాళ్ళు చెయ్యి ఇవ్వాలి, ఎక్కేవాళ్ళు అందుకోవాలి. మంచిదే. నేను చూసిన పడిపోవడాలు, తిండి పొలమారడాలు, మందు రెండుసార్లు వెయ్యడాలు, ఎక్కువ భాగం ఇద్దరి మధ్య చెయ్యి మారని గడియల్లోనే జరిగాయి. ఆ నియమాన్ని నేను పందొమ్మిదేళ్ళూ పాటించాను.

అయితే ఆస్పత్రిలో అవతలి చెయ్యి ఆలస్యమైనా వచ్చేది. రాకపోతే ఏం చెయ్యాలో ఆపా చెప్పలేదు. నేను అడగలేదు.

*పసుపు పండించే ఇల్లు*

ఇళ్ళల్లో పనికి పోయిన మొదట్లో ఇందల్వాయి వైపు ఒక ఊరికి పంపారు. పసుపు, వరి పండించే పెద్ద కుటుంబం. ఇంటి పెద్దావిడ తుంటి ఎముక విరిగి మంచాన పడింది. నేను పోయేదాకా ఆమెను చూసింది చిన్నకోడలు జమున. నేను పోయాక కూడా ఇద్దరం పడితేనే ఆమె పక్కకు తిరిగేది, అంత భారీ మనిషి.

పలకరించడానికి రోజూ ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు ఊరికే పోరు, ఒక సలహా ఇచ్చి పోతారు. ఆవిడ నడుము కింద రూపాయి బిళ్ళంత పుండు మొదలైంది. కడిగి ఆరబెట్టి, ఒత్తిడి పడకుండా చూడమని డాక్టరు చెప్పాడు. అప్పుడు ఆవిడ పెద్దకూతురు, జమునకు ఆడబిడ్డ, వచ్చింది.

"గీ ట్యూబులేంది, గీ పౌడర్లేంది? మన చేన్ల పసుపు ఇంటినిండ ఉండంగ మందుల దుకాణం పాలైతరా?"

"ఏం పెట్టద్దన్నడు వదినా డాక్టరు," అంది జమున.

"డాక్టరు నిన్న మొన్న పుట్టిండు. మా అవ్వ ఒళ్ళు నాకు తెల్వదా?"

వెన్నలో పసుపు కలిపి పుండు నిండా కూరింది. కళ్ళు తుడుచుకుని సాయంత్రం బస్సుకు పోయింది. మళ్ళీ వారం ఇంకో బంధువు వచ్చి దానిమీద ఇంకో పొర పెట్టింది. అది ఎండి పెంకులాగా గట్టిపడింది. చూసినవాళ్ళందరూ మానిపోతోందన్నారు. కడగాలని నేనంటే ఇంటి పెద్దకొడుకు కోపానికొచ్చాడు: "పసుపు పండించే ఇంట్ల పసుపు కడిగి మోరీల పోస్తవా? మా ఇంట్ల నడువది."

ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చాక డాక్టరును పిలిచారు. ఆయన ఆ పెంకు లేపాడు. కింద నా పిడికిలి పట్టేంత గుంట ఉంది. ఆయన తల ఎత్తి గట్టిగా అడిగాడు: "ఈమెను ఎవరు చూసుకుంటున్నారు?"

గదిలో ఏడుగురం ఉన్నాం. ఆరుగురం జమున వైపు తిరిగాం, పసుపు కూరి పోయి మళ్ళీ వచ్చిన ఆడబిడ్డతో సహా. డాక్టరు జమునను నోటికొచ్చినట్టు తిట్టాడు. పశువును కూడా ఇట్లా ఉంచరన్నాడు.

తర్వాత బోరింగు దగ్గర దుప్పట్లు ఉతుకుతుంటే అడిగాను, "పసుపు పెట్టింది నువ్వు కాదని చెప్పొద్దా?"

"చెప్తే ఏమంటరక్కా? చాకిరి చెయ్యలేక మందిమీద పెడుతున్నది అంటరు." దుప్పటి బండకేసి కొట్టింది. ఒక్కసారిగా నవ్వింది. "మా పసుపుకు రంగు మంచిగుంటదని మార్కెట్ల మొదటి రేటు ఇస్తరు. జూడు, ఎంత ఉతికినా పోతలేదు."

ఆవిడ రెండు నెలలకు పోయింది. పదిమంది చేతులు ఆ పుండుమీద ఏదో ఒకటి పెట్టి పోయాయి. ఆవిడ చెయ్యి అందుకున్నది జమున ఒక్కతే, అందుకని నింద కూడా ఆమే అందుకుంది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు చెబుతున్నాను, ప్రతి ఇంట్లోనూ ఒక జమున ఉంటుంది. జీతం లేదు, పేరు లేదు. మీరు పోయింది మంచం మీది మనిషి కోసమే అయినా ఆమెను కూడా చూడండి. ఆమె కూలిపోతే ఆ ఇంటి బరువు మొత్తం మీమీద పడుతుంది. అది నేను తర్వాత తెలుసుకున్నాను.

*ఇంటి మనిషి*

ఏజెన్సీ మేనేజరు గురించి నాలుగు మాటలు. తెల్లచొక్కా మనిషి, మర్యాదస్తుడు. ఎవరికి పంపినా ఫోన్‌లో ఒకే మాట చెప్పేవాడు: "మా గంగామణి మీ ఇంటి మనిషి లెక్క ఉంటది సార్." ఆ మాటకు వాళ్ళు సంతోషపడేవాళ్ళు. మొదట్లో నేనూ సంతోషపడ్డాను.

ఇంటి మనిషి అంటే ఏమిటో కొన్నేళ్ళకు అర్థమైంది. పనిమనిషికి ఆదివారం ఉంటుంది, పండుగ ఉంటుంది, ఒంట్లో బాగాలేదంటే రానక్కరలేదు. ఇంటి మనిషికి ఇవేవీ ఉండవు. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని అనను. నిజంగానే ఇంటి మనిషిగా చూస్తారు. ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళను ఎట్లా చూస్తారో మమ్మల్నీ అట్లాగే చూస్తారు.

సెలవు కావాలంటే మన బదులు ఇంకో మనిషిని మేనేజరు పంపాలి. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే జవాబు: "మనిషి బస్సెక్కిందమ్మా." ఆయన బస్సెక్కించిన మనుషులందరినీ లెక్కేస్తే డిపోలో బస్సులు చాలవు. దిగినవాళ్ళను మాత్రం నేను ఎక్కువమందిని చూడలేదు.

*క్యాంపులో*

వర్ని దగ్గర కాలువ కింద ఒక క్యాంపు. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కుని స్థిరపడ్డవాళ్ళ ఊళ్ళను ఇక్కడ క్యాంపులనే అంటారు. అక్కడ ఒక పెద్దాయనకు పక్షవాతం. కుడివైపు మొత్తం పోయింది, మాట పోయింది. ఎడమచెయ్యి ఒక్కటే ఆయనది. చెరకు వేసిన రోజుల్లో బండ్లకు బండ్లు బోధన్ ఫ్యాక్టరీకి తోలిన మనిషి. ఫ్యాక్టరీ మూతపడి, ఆ చేలల్లో వరి వేసి ఏళ్ళు గడిచాయి. అయినా రోడ్డుమీద ట్రాక్టరు చప్పుడైతే తల అటు తిప్పేవాడు.

కొడుకు ప్రసాదు గారు. కోడలు రమణి గారు. నేను పోయేసరికి రమణి గారు నాలుగేళ్ళ నుంచి ఒక్కతే మామగారికి చేస్తోంది. నలభై కూడా దాటని మనిషి, చూస్తే యాభై అనిపించింది. వెంట్రుకలు దువ్వెన నిండా ఊడేవి. కూర్చుంటే కాలు ఆడుతూనే ఉండేది. గ్లాసు కిందపడి చప్పుడైతే ఉలిక్కిపడి ఏడ్చేసేది, తర్వాత తనే సిగ్గుపడేది. ఆమె ఒక రోగి అని అప్పుడు ఎవరికీ తోచలేదు. చిరాకు మనిషి అనేవాళ్ళు.

మాకిద్దరికీ బాగానే కుదిరింది. పెద్దాయనకు ఒళ్ళు తుడిచే వేళ ఇద్దరం చెరోవైపు నిలబడేవాళ్ళం, మాటలు నడిచేవి.

"మీ నిజామాబాద్ వాళ్ళు ప్రతిదాంట్లో అంత కారం ఎలా తింటారు గంగామణీ? కడుపా, పొయ్యా?"

"మీ గోంగూర పులుపుకంటె నయమే అమ్మా. నిన్న పెద్దాయన నాలిక్కి జెరంత తాకిస్తే, పక్షవాతం లేసి కూసుంటదనుకున్న."

పెద్దాయన ఎడమవైపు పెదవి కదిలేది. అది నవ్వు. మేమిద్దరమే గుర్తుపట్టేవాళ్ళం.

ప్రసాదు గారు చెడ్డవాడు కాదు, ఇది స్పష్టంగా రాయాలి. నా జీతం ఒకటో తారీకు దాటనివ్వలేదు. తండ్రికి గాలిపరుపు కొన్నాడు, మందులు ఒక్క పూట తప్పనివ్వలేదు. రోజూ పొద్దున గుమ్మంలో నిలబడి "నాన్నగారు రాత్రి పడుకున్నారా?" అని అడిగేవాడు. పండుగలకు లోపలికి వచ్చి తండ్రి కాళ్ళకు దండం పెట్టుకునేవాడు. కొడుకంటే అట్లా ఉండాలని క్యాంపులో అందరూ చెప్పుకునేవాళ్ళు. నేనక్కడున్న రెండేళ్ళలో ఆయన తండ్రి చెయ్యి పట్టుకోవడం నేను చూడలేదు. అది లోటని కూడా నాకు తట్టలేదు.

*"ఏం లేదు సార్"*

ఎండాకాలం, యాసంగి వరికోతల రోజులు. సోమవారం పొద్దున మోస్రా నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, అవ్వకు దమ్ము ఎక్కువైంది. నిన్నే అడుగుతున్నది. జెర వచ్చిపోరాదె."

అవ్వకు దమ్ము, ఆ ఆయాసం, పాతదే. జీవితమంతా పీల్చిన తంబాకు ధూళి ఛాతీలో ఉండిపోయింది. అయితే ఆమె ఎప్పుడూ నన్ను రమ్మని అడగలేదు. అడిగిందంటేనే నాకు భయమేసింది. క్యాంపు మలుపులో నిలబడితే మోస్రా పోయే బస్సు కనబడుతుంది. అంత దగ్గర.

మేనేజరుకు ఫోన్ చేశాను. మనిషి బస్సెక్కిందన్నాడు. సాయంత్రందాకా ఎవరూ దిగలేదు. మంగళవారం ప్రసాదు గారిని గుమ్మంలోనే అడిగాను.

"సార్, మా అవ్వకు మంచిగ లేదు. ఒక్కరోజు పోయి వస్త."

"అయ్యో, తప్పకుండా వెళ్ళమ్మా. ఏజెన్సీ వాళ్ళు రేపు మనిషిని పంపుతామన్నారు. ఆవిడ రాగానే బయలుదేరు. రేపటి రోజు నీది."

బుధవారం పొద్దున పెద్దాయనకు స్నానం, తిండి, మందులు అన్నీ ముగించాను. సంచి సర్దుకున్నాను. ఎవరూ రాలేదు. తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు, ఈసారి వాడేమీ చెప్పలేదు, ఫోన్ అవ్వ నోటి దగ్గర పెట్టాడు. ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆ చప్పుడు ఏమిటో నాకు తెలుసు. ఎందరి దగ్గరో విన్నాను.

రమణి గారిని గదిలోకి పిలిచాను. పెద్దాయన ఎడమచెయ్యి తీసి, ఆమె వైపు చాపాను.

"అమ్మా, జెర పట్టుకో. పొద్దుమీకి వస్త. అన్నీ చేసి పెట్టిన, నువ్వు పక్కకు తిప్పితే చాలు."

ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. బడిలో దెబ్బలకు భయపడ్డ పిల్లలాగా.

"వద్దు గంగామణీ. నేను పట్టుకోను."

"అవ్వ పోయేటట్టున్నదమ్మా."

"తల్లి దగ్గరికి వెళ్ళినవాళ్ళు సాయంత్రానికి రారు. నాకు తెలుసు. రేపంటావు, ఎల్లుండంటావు. నాలుగేళ్ళు ఒక్కదాన్నే చేశాను. మా చెల్లి పెళ్ళికి కూడా వెళ్ళలేదు. మళ్ళీ ఒక్కరాత్రి ఒక్కదాన్నే ఈ గదిలో ఉంటే నేను బావిలో దూకుతాను. నిజంగా చెబుతున్నాను. నన్ను తిట్టు, కొట్టు. పట్టుకోను."

ఒళ్ళంతా వణుకుతోంది. దొంగవణుకు కాదు, నాకు తేడా తెలుసు. పెద్దాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన చెయ్యి నా చేతిలో, మా ఇద్దరి మధ్య అట్లాగే ఉంది. ఆయన వేళ్ళు నా వేళ్ళను వదిలించుకోవడానికి కదిలాయి. పొమ్మంటున్నాడు.

బయట వరండాలో ప్రసాదు గారు కోతమిషను మనిషితో మాట్లాడుతున్నాడు. ఎకరానికి ఎంతసేపు పడుతుంది, పక్కచేను ముందా మనది ముందా అని. మా గొంతులు విని గుమ్మందాకా వచ్చాడు.

"ఏంటి, ఏమైంది?"

"ఏం లేదండి," అంది రమణి గారు.

"ఏం లేదు సార్," అన్నాను నేను.

ఆయన ఒక్క క్షణం చూసి, మిషను మనిషి దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను సంచి మూలన పెట్టి పెద్దాయనను పక్కకు తిప్పాను.

గురువారం తెల్లవారగానే తమ్ముడు ఫోన్ చేశాడు. అవ్వ పోయింది.

ఆ తర్వాత అన్నీ ఎంత చకచకా జరిగాయో చూడండి. ప్రసాదు గారు కబురు వినగానే మేనేజరుకు ఫోన్ చేసి కేకలేశాడు. మధ్యాహ్నంలోపే ఒక అమ్మాయి మోటారు సైకిలు మీద దిగింది. ఆమె చేతిలో పెద్దాయన చెయ్యి పెట్టి, చెప్పాల్సినవన్నీ చెప్పాను. ప్రసాదు గారు తన కారులోనే నన్ను మోస్రాలో దింపాడు. దారిలో అన్నాడు, "పదకొండు రోజులూ ఉండి రామ్మా. ఇక్కడ మేం చూసుకుంటాం." చావుకు వచ్చినంత తొందరగా బతికున్న మనిషికి ఆ మోటారు సైకిలు ఎందుకు రాలేదో ఆయన్ను అడగలేదు. ఆయన తనను తాను అడిగినట్టూ లేదు.

మోస్రాలో వాకిట్లో మరదలు కనబడింది. మూడేళ్ళ నుంచి అవ్వకు చేసింది ఆమె. పట్టుకుని ఏడుద్దామని దగ్గరికి పోయాను. ఆమె ఏడవలేదు.

"వచ్చినవా వదినా? ఊరోళ్ళ అవ్వలకు నువ్వు జేస్తివి, నీ అవ్వకు నేను జేస్తి. నీకు నర్సమ్మ అని పేరొచ్చె. నాకేమొచ్చె?"

తమ్ముడు ఆమెను అదిలించబోయాడు. వద్దన్నాను. ఆమె చెప్పింది లెక్కకు సరిగ్గా ఉంది. కాసేపటికి తనే వచ్చి నా పక్కన కూర్చుంది. "ఆఖరుకు చెయ్యి నేనే పట్టుకున్న వదినా. ఇడువలే," అంది.

*నేను తప్పిన లెక్క*

అవ్వ దినాల్లో మోస్రాలో కూర్చుని ఆ బుధవారాన్ని మళ్ళీ మళ్ళీ లెక్కవేశాను. ఇంట్లో పెద్దాయన చెయ్యి పట్టుకోగల చేతులు ఎన్ని? నావి రెండు, రమణి గారివి రెండు, మొత్తం నాలుగు. నావి వదలకూడదు, ఆమెవి పట్టుకోలేవు. లెక్క ఎటు నుంచి వేసినా నేను పోవడానికి లేదు. మూడు రోజులు ఈ లెక్కతోనే సరిపెట్టుకున్నాను.

నాలుగో రోజు తమ్ముడు పొయ్యి దగ్గర కూర్చుని మరదలికి రొట్టెలు కాల్చి ఇస్తుంటే చూశాను. వాడి చేతులు చూస్తుంటే తట్టింది. క్యాంపులో ఆ ఇంట్లో చేతులు నాలుగు కాదు, ఆరు.

వరండాలో ఇంకో రెండు ఉన్నాయి. ఏ జబ్బూ లేనివి, తండ్రికి దండం పెట్టేవి, మూటలెత్తే బలం ఉన్నవి. గుమ్మందాకా నడిచి వచ్చి, ఏమైందని అడిగి మరీ పోయాయి. నేను ఆ చెయ్యిని ఇంకొక్క మూర పక్కకు తిప్పి "సార్, మీ నాయిన. పట్టుకోండి" అంటే సరిపోయేది. అనాలని నాకు తోచలేదు. రమణి గారికీ తోచలేదు. నాలుగేళ్ళు ఒంటరిగా చచ్చిన మనిషి, భర్త అడిగితే ఏం లేదండి అంది. ఆయనకైతే అసలే తోచలేదు. ముగ్గురం కలిసి ఆ రెండు చేతులను లెక్కలోంచి తీసేశాం. ఎన్ని ఉన్నాయి, ఎన్ని పోయాయి అని చూసుకున్నాను గానీ, ఎవరు తీశారన్నది చూడలేదు.

కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగింది ఇదే. ఏ ఇంటికి పోయినా మొదటి రోజే చేతులు లెక్కపెట్టండి. వరండాలో ఉన్నవి, ఫోన్ పట్టుకుని ఉన్నవి, పేపరు చదివేవి కూడా. మొదటి వారమే ఆ మగవాళ్ళ చేత ఒక్కసారైనా మనిషిని పక్కకు తిప్పించండి. రాదంటారు. నాకూ పుట్టగానే రాలేదని చెప్పండి. కోపమొస్తే ఏజెన్సీకి ఫోన్ చేస్తారు, అంతకంటే ఏమీ కాదు. "ఏం లేదు సార్" అనే మాట మాత్రం నోటినుంచి రానివ్వకండి. మన పనిలో నడుమును తిన్నది బరువు, మిగతాదంతా తిన్నది ఆ మాట.

*బాకీ*

తిరిగి క్యాంపుకు పోయాను. ఎందుకు పోయావని మా ఆయన అడిగాడు. ఆ బుధవారం పెద్దాయన వేళ్ళు నన్ను అవ్వ దగ్గరికి పొమ్మన్నాయి కాబట్టి తిరిగి పోయాను, అంతకంటే చెప్పలేను. రమణి గారు ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. కానీ ఆనాటి నుంచి, నేను నీళ్ళు తాగడానికి లేచినా సరే, అడగకముందే వచ్చి రెండు చేతులూ చాపేది. వద్దన్నా వినేది కాదు. అది చూస్తే నాకు బాధ పెరిగేదే గానీ తగ్గలేదు. ప్రసాదు గారు రోజూ గుమ్మంలో నిలబడి అడుగుతూనే ఉన్నాడు.

మరుసటి ఏడు వానలు పడుతుండగా పెద్దాయన పోయాడు. దినాలయ్యాక నా సామాను సర్దుకున్నాను. ప్రసాదు గారు వరండాలో కూర్చోబెట్టి జీతం మొత్తం ఇచ్చాడు, పైన చీర పెట్టించాడు. రూపాయి తక్కువ లేదు.

"అన్నీ సరిపోయాయా అమ్మా? ఇంకేమైనా బాకీ ఉందా?"

ఈసారి ఏం లేదు సార్ అనలేదు.

"ఒకటున్నది సార్."

ఆయన వెంటనే జేబులోంచి పర్సు తీశాడు. "ఎంత?"

"ఒక్క రోజు."

ఆయన మనసులో ఏదో లెక్కవేసుకుని, ఒక రోజు జీతం తీసి నా ముందు పెట్టాడు. గుమ్మంలో రమణి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ నోటు తీసి పెద్దాయన ఖాళీ మంచం మీద పెట్టి, మలుపుదాకా నడిచి, మోస్రా పోయే బస్సెక్కాను.

పర్సుతో తీరేవన్నీ ఆయన తీర్చాడు. పదకొండు రోజులు ఇచ్చాడు, వాటిలో నేనడిగింది లేదు. అడిగింది అట్లాగే ఉంది.

ఒకటి.